14 పౌండ్ల కోడి, ఒక్కటే ఓవెన్

నవంబరు నాలుగో గురువారం దగ్గరపడుతోంది. "ఈసారి థాంక్స్‌గివింగ్ మా ఇంట్లో" అని మీరు మాట ఇచ్చేశారు. పాట్‌లక్ కదా, తలా ఒకటి తెస్తారన్న ధైర్యం. తీరా వాట్సాప్ గ్రూపు తెరిచి చూస్తే ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఇంకొకరు డబల్ కా మీఠా రాసుకున్నారు. టర్కీ ఎదురుగా మాత్రం ఖాళీ. ఇల్లు ఎవరిదైతే టర్కీ వాళ్ళదే అని ఎవరో నవ్వు బొమ్మ కూడా పెట్టారు.

ఈపాటికి ఫోన్లో వెతకడం మొదలుపెట్టే ఉంటారు. ఒకాయన ఉప్పునీళ్ళలో నానబెట్టమంటాడు. ఒకావిడ నానబెడితే చెడిపోతుందంటుంది. ఒకరు నూనెలో ముంచమంటారు, ఇంకొకరు ఏడు గంటలు పొగ పెట్టమంటారు. పది వీడియోలు చూశాక మీకు మిగిలిందేమిటి? తలనొప్పే కదా?

ఈ అధ్యాయంలో ఆ దారులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ ఓవెన్‌కి, మీ అతిథులకి, మీకున్న ఓపికకి ఏది నప్పుతుందో మీరే తేల్చుకోండి. నేను ఎటు మొగ్గుతానో అది కూడా దాచను.

బుధవారం రాత్రి పది గంటలకు

నా మొదటి టర్కీ కథ చెప్తాను. అమెరికా వచ్చిన రెండో ఏడాది. ఎదురింటి అమెరికన్ దంపతుల్ని కూడా భోజనానికి పిలిచాను. బుధవారం రాత్రి పదింటికి ఫ్రీజర్‌లోంచి తీస్తే అది కోడి కాదు, రుబ్బురోలు. కంగారులో బాత్‌టబ్‌లో వేడినీళ్ళు పట్టి అందులో పడేశాను. (మీరు మాత్రం ఈ పని చేయకండి. ఎందుకో కింద చెప్తాను.) పొద్దున్నే ఓవెన్‌లోకి తోశాను. సాయంత్రం నాలుగింటికి పైన బంగారు రంగు తేలింది, ఇల్లంతా కమ్మటి వాసన. కోశాను. రొమ్ము భాగం కొబ్బరి పీచులా ఉంది. తొడ దగ్గర ఎముక పక్కన ఇంకా పచ్చిగా, గులాబీ రంగు నీళ్ళు. కడుపులోంచి కాగితం సంచీ ఒకటి, అందులో కందనకాయ, కార్జం, మెడ, ఉడికిపోయి బయటికి వచ్చాయి. ఆ సంచీ అక్కడ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు అందరూ పులిహోర తిన్నారు. ఎదురింటావిడ రెండోసారి వడ్డించుకుంది కూడా.

రాత్రి తెనాలికి ఫోన్ చేసి అమ్మకి చెప్పుకున్నాను. అంతా విని ఆవిడ ఒక్క మాట అడిగింది: "అంత పెద్ద కోడిని కొయ్యకుండా ఎందుకు వండావురా?" అప్పుడు నవ్వేశాను. ఆవిడకి ఇక్కడి సంప్రదాయం ఏం తెలుసులే అనుకున్నాను. ఆ తర్వాత పదేళ్ళు ఏటా ఒక పద్ధతి పట్టి చూశాక తెలిసింది, టర్కీ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదేనని.

ఎందుకంటే టర్కీలో ఉన్నది ఒక మాంసం కాదు, రెండు. రొమ్ము తెల్లమాంసం. కొవ్వు తక్కువ, లోపలి వేడి 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన కొద్దీ ఎండిపోతుంది. తొడలూ కాళ్ళూ నల్లమాంసం. రోజంతా నడిచే పక్షి కదా, ఆ కండలో నరాలూ జిగురూ ఎక్కువ. 175, 180 డిగ్రీలకు చేరితేగాని మెత్తబడదు. అంటే ముందు దిగాల్సింది రొమ్ము, ఆలస్యంగా దిగాల్సింది కాలు. నిండు కోడిని వెల్లకిలా ఓవెన్‌లో పెడితే ఏమవుతుంది? రొమ్ము పైన నేరుగా సెగ తగిలేచోట ఉంటుంది, తొడలు కింద ముడుచుకుని నీడలో ఉంటాయి. ఏది కావాలో దానికి సరిగ్గా తలకిందులు. కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఈ తగువు తీర్చడానికి పుట్టినవే.

పద్ధతి కన్నా ముందు పనులు

ఏ పద్ధతిలో వండినా ఇవి తప్పవు. నిజానికి సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

1. ఓవెన్ ఖాళీ చేయండి. నవ్వకండి. మన ఇళ్ళలో ఓవెన్ అంటే పెనాలూ మూకుళ్ళూ ఇడ్లీ పాత్రా దాచే అల్మరా. అవన్నీ తీసేసి, వారం ముందే ఒకసారి 425 డిగ్రీల మీద అరగంట వేడిచేసి చూడండి. పాత నూనె మరకల నుంచి పొగ వస్తుంది, అలారం మోగుతుంది. పండగ రోజు మోగేకంటే ఇవాళ మోగడం నయం. అలాగే కొనబోయే పళ్ళెం లోపల పడుతుందో లేదో కొలిచి చూసుకోండి. రేకు ట్రే కొంటే దాని కింద గట్టి పళ్ళెం ఒకటి ఉండాలి. లేకపోతే తీసేటప్పుడు ట్రే మధ్యలో మడతపడి, మరిగే కొవ్వు మీ కాళ్ళ మీద పడుతుంది.

2. చిన్న కోడిని కొనండి. మనిషికి ఒక పౌండు నుంచి పౌండున్నర అని ఇక్కడి లెక్క. అది టర్కీయే ప్రధానంగా తినేవాళ్ళ లెక్క. మన బల్ల మీద బిర్యానీ ఉంటుంది, పులిహోర ఉంటుంది, గ్రూపులో నలుగురు మాంసం ముట్టరు. పదిహేను మంది వస్తున్నా 12 నుంచి 14 పౌండ్లది చాలు. అంటే ఆరు కిలోలు, అటూ ఇటూగా. 20 పౌండ్లది ఒకటి కొనేకంటే పదేసి పౌండ్లవి రెండు కొనడం మేలు. హైదరాబాద్ మిత్రులెవరైనా హలాల్ మాత్రమే తింటారా? ముందే అడిగి తెలుసుకోండి. హలాల్ టర్కీ కావాలంటే రెండు మూడు వారాల ముందే దుకాణంలో చెప్పి పెట్టుకోవాలి.

3. శనివారమే ఫ్రిజ్‌లోకి దించండి. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకీ ఒక రోజు పడుతుందని అమెరికా వ్యవసాయ శాఖ చెప్తుంది. 14 పౌండ్లదానికి మూడు నాలుగు రోజులన్నమాట. కింది అరలో, అంచున్న పళ్ళెంలో పెట్టండి. లేకపోతే కారిన నీళ్ళు మీ కొత్తిమీర కట్టలోకి దిగుతాయి. ఆలస్యమైపోయిందా? కవరు విప్పకుండా చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి. పౌండుకి అరగంట, అంటే 14 పౌండ్లకి ఏడు గంటలు. కరిగిన వెంటనే వండేయాలి. వేడినీళ్ళు మాత్రం వద్దు. లోపల ఇంకా మంచుగడ్డే ఉంటుంది, పైన మాంసం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయి సూక్ష్మజీవులకు విందు అవుతుంది. నేను చేసింది అదే. మాలో ఎవరికీ ఏమీ కాలేదంటే అది మా అదృష్టం.

4. కడగకండి. ఇక్కడ మీ చెయ్యి ఊరుకోదని తెలుసు. ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు మారిస్తే తప్ప మాంసం వండేందుకు మనకి మనసొప్పదు. కానీ ఇది కిలో కోడి కాదు. ఇంత పక్షిని కుళాయి కింద తిప్పితే ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీదా, తరిగిన సలాడ్ మీదా పడతాయి. సూక్ష్మజీవుల్ని చంపేది సెగే, నీళ్ళు కాదు. కాగితం తువ్వాళ్ళతో లోపలా బయటా బాగా తుడవండి, ఆ తువ్వాళ్ళు పారేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. అత్తగారు పక్కనే ఉండి అభ్యంతరం చెప్తే? ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు ఈ పని కానివ్వండి.

5. ముక్కకి ఉప్పు పట్టించండి. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. మంగళవారం రాత్రి, తుడిచిన కోడికి ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచేయండి. కోషర్ ఉప్పయితే ఐదు పౌండ్లకి ఒక టేబుల్ స్పూన్, అంటే 14 పౌండ్లకి మూడు. మనం రోజూ వాడే సన్న ఉప్పయితే అందులో సగం. ఉప్పు మొదట మాంసంలోని నీళ్ళు లాగుతుంది, ఆ నీళ్ళలో తను కరుగుతుంది, మెల్లగా తిరిగి లోపలికి ఇంకుతుంది. దానివల్ల సెగ మీద కూడా మాంసం తన తడి ఎక్కువ వదులుకోదు. పైన తోలు ఆరిపోయి కాగితంలా అవుతుంది, కాల్చినప్పుడు కరకరలాడుతుంది.

ఉప్పునీళ్ళలో నానబెట్టే పద్ధతి కూడా పనిచేస్తుంది. కానీ ఒక పెద్ద బకెట్ కావాలి, ఆ బకెట్ పట్టే ఫ్రిజ్ కావాలి, తోలు తడిసి మెత్తబడుతుంది, రుచి కూడా కాస్త పలుచనవుతుంది. పొడి ఉప్పుకి ఇక్కడ పేరు తెచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో జూనీ కెఫే వంటమనిషి జూడీ రోజర్స్. ఆమె మామూలు కోళ్ళకి ముందుగా ఉప్పు రాసి ఉంచేది. 2006లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ కిటుకుని టర్కీకి వాడి చూపించింది. అప్పటి నుంచి దాన్ని జూడీ బర్డ్ అంటున్నారు. మన ఇళ్ళలో మాంసానికి ముందే ఉప్పూ కారం పట్టించి పక్కన పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే కదా!

ఒక జాగ్రత్త. కవరు మీద ఉప్పు ద్రావణం ఎక్కించారని రాసి ఉంటే, లేదా అది కోషర్ టర్కీ అయితే, అప్పటికే ఉప్పు ఉందని అర్థం. మళ్ళీ రాస్తే గ్రేవీ సముద్రమే.

6. మసాలా తోలు కింద. పెరుగూ కారం అల్లంవెల్లుల్లీ కలిపి పైన మెత్తితే ఏమవుతుందో ఒక ఏడాది చేసి చూశాను. పెరుగు మాడింది, తోలు తడిగా మిగిలింది, మసాలా మాత్రం తోలు దాటి లోపలికి పోలేదు. ఉప్పులా మసాలా లోతుకి దిగదు. అందుకని వెన్నలో గానీ నెయ్యిలో గానీ దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, ధనియాల పొడి కలిపి, రొమ్ము మీద తోలుని వేళ్ళతో మెల్లగా వదులు చేసి దాని కిందికి తోయండి. పైన నూనె చాలు.

7. థర్మామీటర్ కొనండి. పదిహేను, ఇరవై డాలర్లకు వస్తుంది. తొడ లోపలి వైపు మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చండి. రొమ్ములో కూడా చూడండి. ఎక్కడ చూసినా 165 దాటాలి. కొన్ని టర్కీలకు గుచ్చి వచ్చే ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది, ఉడికితే పైకి లేస్తుంది. అది లేచేసరికి చాలాసార్లు రొమ్ము ఎండిపోయి ఉంటుంది. గడియారాన్ని కూడా నమ్మకండి. నేను కింద చెప్పే సమయాలన్నీ ఉజ్జాయింపే.

ఇక దారులు

మొదటిది, నిండు కోడిని ఓవెన్‌లో కాల్చడం. సినిమాల్లో చూసేది ఇదే. 325 డిగ్రీల మీద 12, 14 పౌండ్లదానికి మూడు నుంచి మూడుంముప్పావు గంటలు. అంతకన్నా తక్కువ సెగ మీద పెట్టొద్దంటుంది వ్యవసాయ శాఖ. బల్ల మీదికి తెచ్చినప్పుడు పిల్లలు కేకలు వేస్తారు, ఫొటో బాగుంటుంది. ఆ ఫొటో కోసం మీరు ఇచ్చేది ఏమిటంటే, ఆ నాలుగు గంటలూ ఓవెన్ మరి దేనికీ ఖాళీ ఉండదు, రొమ్ముకీ కాలికీ మధ్య తగువు అలాగే ఉంటుంది. రొమ్ము బాగా రంగు తేలగానే దాని మీద రేకు కప్పితే కొంత సర్దుకుంటుంది. గంటకోసారి తలుపు తీసి పైన రసం పోయాలా? అక్కర్లేదు. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది, ఆరిన తోలు మళ్ళీ తడుస్తుంది. కడుపులో స్టఫింగ్ కూరకండి. అది కూడా 165కి చేరేదాకా ఆగితే మాంసం పని అయిపోతుంది. వేరే గిన్నెలో చేసుకోండి. శాకాహారులు కూడా తినగలుగుతారు.

రెండోది, వెన్నెముక తీసి పరచడం. ఇక్కడ స్పాచ్‌కాక్ అంటారు. దీని దగ్గర కాసేపు ఆగుదాం. కోడిని బోర్లా పడుకోబెట్టండి. గట్టి కత్తెర తీసుకుని, తోక పక్క నుంచి మెడ దాకా వెన్నెముకకి ఒక అంచున కత్తిరించుకుంటూ పోండి. పక్కటెముకలు ఒక్కొక్కటీ టక్ టక్ మంటాయి. తుంటి కీలు దగ్గర కత్తెర మొరాయిస్తుంది. అక్కడ బలప్రయోగం వద్దు, కాస్త పక్కకి జరిపి కీలు సందులోంచి వెళ్ళండి. రెండో అంచున కూడా అలాగే. వెన్నెముక మొత్తం చేతిలోకి వస్తుంది. దాచండి, గ్రేవీకి పనికొస్తుంది. ఇప్పుడు కోడిని వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులూ రొమ్ము ఎముక మీద ఆనించి, పిండి ముద్దని అదిమినట్టు మీ బరువంతా వేయండి. ఫట్ మని ఒక చప్పుడు వస్తుంది. అంతే, కోడి పుస్తకంలా తెరుచుకుంది.

ఇందులో లాభమేమిటి? తొడలు ఇప్పుడు కింద దాక్కోలేదు, అంచులకు వచ్చి సెగకి ఎదురుగా ఉన్నాయి. రొమ్ము మధ్యలో ఉంది. రెండూ ఇంచుమించు ఒకేసారి తయారవుతాయి. అందువల్ల 425 డిగ్రీల మీద గంటన్నర లోపు, అటూ ఇటూగా పనైపోతుంది. తోలంతా పైవైపే, అంతా కరకర. లోటు ఒకటే, బల్ల మీద పెట్టినప్పుడు రాజసం ఉండదు, లారీ కింద పడ్డట్టు ఉంటుంది. పళ్ళెం అడుగున ఉల్లి, క్యారట్ ముక్కలు పరిచి కాసిని నీళ్ళు పోయండి, కొవ్వు మాడి పొగ రాదు.

మూడోది అమ్మ ప్రశ్నకి జవాబు. ముక్కలు చేసి వండటం. కాళ్ళూ తొడలూ వేరు, రొమ్ము వేరు. ఎముకతో ఉన్న రొమ్ముని గురువారం 325 డిగ్రీల మీద కాల్చండి. నాలుగు నుంచి ఆరు పౌండ్లదైతే గంటన్నర నుంచి రెండుంపావు గంటలు. కాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? ఉల్లిపాయలు దోరగా వేయించి, అల్లంవెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, కొబ్బరి వేసి, మూత పెట్టి సన్న సెగ మీద రెండు గంటలు. నాటుకోడిని లొంగదీసిన చేతికి టర్కీ కాలు ఒక లెక్కా? పైగా ఈ కూర బుధవారమే వండేయొచ్చు, మర్నాటికి ఇంకా రుచి తేలుతుంది. రెండు మాంసాలకి రెండు వంటలు. తగువే లేదు. నన్నడిగితే వచ్చేవాళ్ళంతా తెలుగువాళ్ళైతే ఇదే చేయండి. టర్కీని నిండుగా పెట్టి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. 1941లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం నాలుగో గురువారం సెలవు అన్నదే తప్ప కోడిని కొయ్యొద్దనలేదు.

(చిన్న పక్కదారి. ఈ పక్షి పుట్టింది మెక్సికో వైపు. ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని టర్కీ దేశం పేరుతో పిలిచారు. టర్కీ దేశంవాళ్ళేమో 'హిందీ' అంటారు, అంటే ఇండియాది అని. మన దేశంలో 1612లోనే గోవా నుంచి జహంగీర్ దర్బారుకి ఒకటి చేరితే ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ గీశాడు. ఆ మాటకొస్తే మీరు వండబోయేది మనకి మరీ కొత్త చుట్టమేమీ కాదు.)

నాలుగోది ఓవెన్ సంచీ. దుకాణంలో టర్కీ సైజు సంచులు దొరుకుతాయి. లోపల ఒక చెంచా మైదా చల్లి, కోడిని పెట్టి, మూతి కట్టి, పైన ఐదారు గాట్లు పెట్టి 350 డిగ్రీల మీద రెండు, రెండున్నర గంటలు. ఇది మన దమ్‌కి చుట్టం. ఆవిరి బయటికి పోదు, మాంసం మెత్తగా, తడిగా దిగుతుంది, అడుగున బోలెడు రసం. తోలు మాత్రం కరకరలాడదు. సరే, ఇక్కడ ఒక్క క్షణం నిజాయితీగా ఆలోచించండి. మీ ఇంట్లో తోలు తినేదెవరు? ఊళ్ళో చికెన్ కొన్నా స్కిన్‌లెస్ అనే కదా చెప్తాం? తినని తోలు కోసం రెండు రోజులు తపస్సు దేనికి? మొదటిసారి వండుతూ, చెయ్యి వణికేవాళ్ళకి ఈ సంచీని మించిన ధైర్యం లేదు.

ఐదోది నూనెలో ముంచడం. లూసియానా వైపు నుంచి దేశమంతా పాకిన పద్ధతి. వాడేది ఎక్కువగా మన వేరుశనగ నూనే. 350 డిగ్రీల నూనెలో పౌండుకి మూడు నాలుగు నిమిషాలు, అంటే 12 పౌండ్లది ముప్పావుగంటలో తేలుతుంది. రుచికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ తడి పచ్చిమిర్చి ఒకటి మూకుట్లో పడితే ఎలా చిటపటలాడుతుందో మీకు తెలుసు కదా? ఇప్పుడు కడుపులో ఇంకా మంచు ఉన్న కోడిని 15 లీటర్ల కాగే నూనెలో దించడం ఊహించుకోండి, కింద గ్యాస్ మంట వెలుగుతుండగా. మంచు ఆవిరై ఒక్కసారిగా పొంగుతుంది, నూనె అంచు దాటి మంట మీద పడుతుంది. ఇళ్ళలో వంట వల్ల జరిగే అగ్నిప్రమాదాలు ఏడాది మొత్తంలో ఎక్కువగా జరిగేది థాంక్స్‌గివింగ్ రోజునే. ఇక్కడి జాతీయ అగ్ని నివారణ సంఘం ఈ ఫ్రయ్యర్లు ఇళ్ళలో వాడొద్దనే చెప్తుంది.

వినకుండా చేస్తారా? అయితే ఇంటికి దూరంగా, ఆరుబయట, చదునైన నేల మీద. చెక్క డెక్ మీదా గరాజ్‌లోనూ బాల్కనీలోనూ వద్దు. ముందు రోజే ఖాళీ గిన్నెలో కోడిని పెట్టి, అది మునిగేదాకా నీళ్ళు పోసి, కోడిని తీసేసి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో గీత పెట్టుకోండి. నూనె ఆ గీత దాటకూడదు. గిన్నె చుక్క తడి లేకుండా ఆరబెట్టండి. కోడి పూర్తిగా కరగాలి, పూర్తిగా ఆరాలి. దించేటప్పుడు మంట ఆర్పేయండి, దించాక వెలిగించండి. పిల్లలు లోపల ఉండాలి, మీ చేతిలో మందు గ్లాసు ఉండకూడదు.

ఆరోది పొగ. డాలస్‌లో మా బావగారికి పెల్లెట్ గ్రిల్ ఉంది, అంచేత ఆయనకి దేశంలో మరో వంట కనపడదు. 225, 250 డిగ్రీల మీద, ఆపిల్ చెక్కతోనో హికరీతోనో, పౌండుకి అరగంట. తెల్లవారుజామునే లేవాలి. పద్నాలుగు పౌండ్లు దాటినది పెట్టొద్దు. ఆ వాసన బొగ్గుల మీద కాల్చిన మాంసం ఇష్టపడేవాళ్ళకి పిచ్చెక్కిస్తుంది. తోలు రబ్బరులా ఉంటుంది. ఇంకో చిక్కు, పొగ వల్ల ఉడికిన మాంసం అంచున గులాబీ రంగు వస్తుంది. "ఇది పచ్చిగా ఉందయ్యా" అని పెద్దవాళ్ళు పళ్ళెం పక్కకి తోసేస్తారు. కిందటేడు బావగారు థర్మామీటర్ గుచ్చి 172 చూపిస్తే మా మామయ్య, "నీ మీటరుకి పచ్చి తెలియదు" అని పప్పు వడ్డించుకున్నారు.

ఇన్‌స్టంట్ పాట్, స్లో కుక్కర్ లాంటివి నిండు కోడికి కావు. చిన్న రొమ్ము ముక్కకి పనికొస్తాయి. గడ్డకట్టిన మాంసం స్లో కుక్కర్‌లో వేయకూడదు. ఇంతకన్నా వాటి గురించి చెప్పడానికి లేదు.

మీ ఇల్లు ఇందులో ఎక్కడుంది?

రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్, ఎనిమిది మంది, అందులో ముగ్గురు శాకాహారులు: ముక్కల పద్ధతి. కాళ్ళ కూర ముందు రోజే, రొమ్ము పొద్దున్నే. శాకాహారుల వంటలు ముందు ఓవెన్‌లో పెట్టి తీసేసి, ఆ తర్వాతే టర్కీ. ఒకేసారి పై అరలో వాళ్ళది, కింది అరలో మీది పెట్టి మొహమాట పెట్టకండి.

ఆఫీసు స్నేహితులు, పిల్లల టీచరు, పక్కింటివాళ్ళు వస్తున్నారా? స్పాచ్‌కాక్. వాళ్ళకి కావాల్సిన తోలూ గ్రేవీ దక్కుతాయి, మీకు రెండు గంటల ఓవెన్ మిగులుతుంది.

నెలల పాపతో ఇంట్లో మీరొక్కరే పని చేసుకోవాలా? సంచీ. దానికి సిగ్గు పడాల్సిందేమీ లేదు.

చివరి నిమిషంలో ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి? బటర్‌బాల్ కంపెనీ 1981 నుంచి టర్కీ సందేహాల కోసమే ఒక ఫోన్ లైన్ నడుపుతోంది. పండగ రోజు కూడా మనుషులే ఎత్తుతారు. వాళ్ళు వినని పొరపాటంటూ మీరు కొత్తగా చేయలేరు, నిశ్చింతగా అడగండి.

కోసేటప్పుడు

ఓవెన్‌లోంచి తీసిన వెంటనే కత్తి పెట్టకండి. అరగంట ఆగండి. ఆ ఆవిరీ రసం లోపలే సర్దుకుంటాయి, లేకపోతే అంతా పలక మీదికి కారిపోతుంది. ఈలోగా ఓవెన్ ఖాళీ అయింది కదా, మిగతా గిన్నెలు వేడిచేసుకోండి, పళ్ళెం అడుగు రసంలో మైదా కలిపి గ్రేవీ తిప్పుకోండి.

కాళ్ళు కీలు దగ్గర విడదీయండి. రొమ్ముని కోడి మీదే ఉంచి పొడుగ్గా రేకులు కోయడం అందరూ చేసే తప్పు. అలా కోస్తే పీచు పొడుగ్గా వస్తుంది, పంటికింద సాగుతుంది. రొమ్ము ఎముకకి రెండు పక్కలా కత్తి ఆనించి, సగం సగంగా మొత్తం కండ విడదీసి పలక మీదికి తెచ్చుకోండి. ఇప్పుడు పీచుకి అడ్డంగా, చిటికెన వేలు మందాన కోయండి. ప్రతి ముక్కకీ ఒక అంచున తోలు ఉంటుంది. పక్కన క్రాన్‌బెర్రీ. దానితో పచ్చడి చేయడం ఇక్కడి మన ఆడవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టారు. ఎండుమిర్చి, మెంతిపొడి, ఇంగువ తాలింపుతో ఆ పులుపు చప్పటి టర్కీకి గోంగూరలా అతుకుతుంది.

భోజనాలయ్యాక కబుర్లలో పడి గిన్నెలు బల్ల మీదే వదిలేయకండి. రెండు గంటల్లోపు మాంసం ఎముక నుంచి విడదీసి, పల్చటి డబ్బాల్లో ఫ్రిజ్‌కి ఎక్కించండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. రొమ్ము ముక్కలు సన్నగా చీల్చి కరివేపాకు, మిరియాలతో వేపుడు చేయండి, అప్పటికే ఉడికింది కాబట్టి రెండు నిమిషాలకు మించి సెగ తగలనివ్వకండి. ఎముకలన్నీ పెద్ద గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, శుక్రవారం పొద్దున సన్న సెగ మీద పెట్టేయండి. బయట అందరూ అమ్మకాల వరసల్లో నిలబడి ఉంటారు. మీరు మధ్యాహ్నానికి ఆ నీళ్ళు వడకట్టి, మిరియాలూ జీలకర్రా వెల్లుల్లీ దంచి వేసి, చారు కాచుకోండి. వేడన్నంలోకి.

మా ఇంట్లో ఇప్పుడు ఆ చారు కోసమే టర్కీ తెస్తున్నామని మా ఆవిడ అంటుంది.